పౌర గ్రంథాలయాల శాఖ సంచాలకులు గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

పోయిన నెల మా అమ్మాయి కోసం బెంగాలీ రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్ ఇంగ్లీషులో రాసిన కథ 'సుల్తానాస్ డ్రీమ్' (సుల్తానా కల) అడుగుతూ ఒక గ్రంథాలయానికి వెళ్ళాను. కథ లేదు, ఆమె పేరు కూడా అక్కడ ఎవరికీ తెలియదు. చాలా బాధేసింది.

ఈ కథ మనకు పరాయిది కాదండీ. 1905లో మన మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పత్రికలో, కమలా సత్యనాథన్ సంపాదకత్వంలో మొదట అచ్చయింది. రాసినావిడ ఇప్పటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ దగ్గర పైరాబంద్‌లో ఘోషాలో పెరిగిన మనిషి. ఇంట్లో ఆడపిల్లలకు ఇంగ్లీషు, బెంగాలీ చెప్పించకపోతే, రాత్రిపూట అన్నయ్య దగ్గర దొంగచాటుగా నేర్చుకుంది.

ఇక ఆ ఊహ చూడండి! కథలో సుల్తానా కలగన్న దేశంలో మగవాళ్ళు ఇళ్ళలో ఉంటారు, ఆడవాళ్ళు రాజ్యం నడుపుతారు. ఒక మహిళా విశ్వవిద్యాలయం మబ్బుల నుంచి నేరుగా నీళ్ళు తీస్తుంది. ఇంకొకటి ఎండ వేడిని పోగుచేస్తుంది, దాంతోనే వంట. శత్రుసైన్యం మీదికొస్తే ఆ వేడినే వాళ్ళ మీదికి తిప్పి తరిమేస్తారు. సోలార్ అనే మాట మన ఇళ్ళలోకి రాకముందు రాసిన కథ ఇది!

1911లో కలకత్తాలో 8 మంది పిల్లలతో ఆమె బడి తెరిచింది.

జిల్లా కేంద్ర గ్రంథాలయాలన్నిటికీ ఈ కథ తెలుగులో తెప్పించండి. ఆమె పుట్టిందీ పోయిందీ డిసెంబర్ 9నే అంటారు. ఆ రోజు పిల్లల చేత చదివించండి. మా ఊళ్ళో చదివి వినిపించడానికి నేను వస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు