పాము గ్రాఫిక్సే, బ్లేడు మాత్రం నిజం

సంపాదకులకు నమస్కారం.

రాత్రిపూట వచ్చే ఒక సాహస సీరియల్లో ఈమధ్య చూసిన దృశ్యం గురించి ఈ ఉత్తరం. సీరియల్ పేరు రాయడం లేదు. నటులు మారి అదే దృశ్యం వేరే ఛానళ్ళలోనూ వస్తోంది కాబట్టి ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం కాదు. నిధి కోసం అడవికి వెళ్ళిన బృందంలో కథానాయికను రక్తపింజర కాటేస్తుంది. హీరో కథ ప్రకారం డాక్టరు. చొక్కా చింపి ఆమె మోకాలి కింద బిగించి కడతాడు. సంచిలోంచి బ్లేడు తీసి కాటు మీద గాటు పెడతాడు. నోటితో పీల్చి ఉమ్ముతాడు, మళ్ళీ పీలుస్తాడు. ప్రకటనలు అయ్యేసరికి ఆ అమ్మాయి లేచి కూర్చుంటుంది. అంతసేపూ తెర అడుగున స్క్రోలింగ్ నడుస్తూనే ఉంది: పాము గ్రాఫిక్స్‌తో చేసింది, ఏ జంతువుకూ హాని జరగలేదు అని. పాముకు హాని జరగలేదు, సంతోషం. చూసేవాళ్ళకు జరగబోయే హాని గురించి మాత్రం ఒక్క అక్షరం లేదు.

నేను కల్పనకు వ్యతిరేకిని కాను. వడపళని స్టూడియోల్లో తీసిన జానపద సినిమాలు చూస్తూ పెరిగిన మద్రాసు తెలుగువాళ్ళలో నేనూ ఒకతెను. మంత్రదండాలు, మాయ తివాచీలు, పాము మనిషిగా మారడం, అన్నీ నాకు ఇష్టమే. అంతకంటే పాత కథలో తక్షకుడు పండులో పురుగై పరీక్షిత్తు దగ్గరికి వచ్చాడు. విషాన్ని దించగల కాశ్యపుడు దారిలోనే తక్షకుడి దగ్గర డబ్బు పుచ్చుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. (వైద్యుల గురించి మనవాళ్ళు అప్పుడే ఎంత రాశారో!) ఆ కథ విని ఎవరూ చేయకూడని పని చేయలేదు, ఎందుకంటే అందులో వినేవాడు చేయగలిగినది ఏమీ లేదు. బ్లేడు అలా కాదు. అది ప్రతి ఇంట్లోనూ ఉంది.

జంతుశాస్త్రం చెప్పినన్నాళ్ళూ పిల్లల్ని గిండీలోని పాముల పార్కుకు తీసుకెళ్ళేదాన్ని. అక్కడ వాళ్ళ ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఒకటే. నాగమణి ఉంటుందా మేడమ్, పాలు తాగుతాయా, పగబడతాయా అని నవ్వుతూనే అడిగేవారు. నమ్మి అడిగినవాళ్ళు తక్కువ. కరిస్తే ఏం చేయాలి అని నేను తిరిగి అడిగితే మాత్రం నవ్వు ఆగిపోయేది, అందరి జవాబూ ఒకటయ్యేది: గట్టిగా కట్టి, కోసి, పీల్చాలి. ఎక్కడ నేర్చుకున్నారంటే టీవీలో, సినిమాలో. అంటే పిల్లలు అబద్ధాన్ని గుర్తుపట్టలేక కాదు. నాగిని కథని కథగానే తీసుకున్నారు. ప్యాంటూ చొక్కా వేసుకున్న హీరో, స్టెతస్కోపు ఉన్న హీరో చేసినదాన్ని పాఠంగా తీసుకున్నారు. సైన్సు తప్పుల గురించి మాట్లాడేటప్పుడు మన సమీక్షకులు ఎప్పుడూ తప్పుడు చోట వెతుకుతారని నా అభిప్రాయం. మనిషి గాల్లో ఎగిరాడని వెక్కిరిస్తారు. ఆ ఎగరడం వల్ల ఎవరికీ ఏమీ కాదు.

ఆ దృశ్యంలో ఒక్కొక్కటే చూడండి. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే శక్తిని దెబ్బతీస్తుంది. అలాంటి మనిషికి గాటు పెడితే ఆ రక్తం ఆగదు. కోరల ద్వారా కండలోకి దిగిన విషం అక్కడ గుంటలో నీళ్ళలా నిలబడి ఉండదు, పీలిస్తే పైకి రావడానికి. బిగించి కట్టిన కట్టు కింద రక్తప్రసరణ ఆగి, పింజర విషం వల్ల ముందే పాడవుతున్న కండ ఇంకా కుళ్ళుతుంది. కాలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. ఆసుపత్రిలో కట్టు ఒక్కసారిగా విప్పితే అక్కడ ఆగిన విషమంతా ఒంట్లోకి పోటెత్తే ప్రమాదం వేరే ఉంది. చేయాల్సింది చాలా తక్కువ: మనిషికి ధైర్యం చెప్పి పడుకోబెట్టి, కరిచిన కాలినో చేతినో విరిగిన ఎముకకు కట్టినట్టు కర్ర దన్నుతో కదలకుండా ఉంచి, నడిపించకుండా, ఉంగరాలూ పట్టీలూ తీసేసి, 108కి ఫోన్ చేసి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చడం.

మరి బ్లేడు వైద్యంతో బతికినవాళ్ళు ఊళ్ళో ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. మనకు కరిచే పాముల్లో చాలావాటికి విషమే లేదు. విషమున్న పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. బతికేవాడు ఎలాగూ బతుకుతాడు, పేరు మాత్రం మంత్రగాడికో, టీవీ హీరోకో వస్తుంది.

ఇది చిన్న విషయమైతే మీ పత్రికలో చోటు అడిగేదాన్ని కాదు. 2020లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్ళు సుమారు 12 లక్షలు, అంటే ఏటా సగటున 58,000 మంది. అత్యధిక మరణాలున్న రాష్ట్రాల జాబితాలో తెలంగాణతో కలిపిన ఆంధ్రప్రదేశ్ ఉంది. చనిపోయేది ఎక్కువగా పల్లెల్లో, వానాకాలంలో. ఈ సీరియళ్ళు రాత్రి భోజనాల వేళ చూసేదీ ఆ ఇళ్ళవాళ్ళే. కేంద్రం 2024 మార్చిలో పాముకాటు మరణాలు తగ్గించడానికి జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. అదే ఏడాది నవంబరులో తమిళనాడు, పాముకాటును ఆసుపత్రులు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. ఒకవైపు ప్రభుత్వం గోడల మీద పోస్టర్లు అంటిస్తుంటే, ఇంకోవైపు టీవీ పోస్టరు కంటే వెయ్యి రెట్లు అందంగా దానికి సరిగ్గా వ్యతిరేకం నేర్పుతోంది.

పాములు ఒక్కటే కాదనుకోండి. మెరీనాలో ప్రతి సెలవు రోజూ జనం నీళ్ళలోకి దిగే ఈ ఊళ్ళో, మునిగిపోయేవాడు చేతులు ఊపుతూ కేకలు వేస్తాడని సీరియల్ చూపిస్తుంది. నిజానికి చాలామంది నోరు పైకి రాక, చప్పుడు లేకుండా మునిగిపోతారు. ఒడ్డుకు లాగాక పొట్ట నొక్కి నీళ్ళు చిమ్మించడం ఇంకో తప్పు. మానిటర్ మీద గీత పూర్తిగా చదునైపోయాక షాక్ ఇస్తే గుండె లేచి కొట్టుకోవడమూ అంతే, ఆ స్థితికి షాక్ వైద్యమే కాదు. 1996లో అమెరికా పరిశోధకులు అక్కడి మూడు టీవీ కార్యక్రమాలు చూసి లెక్కేస్తే, గుండె ఆగాక ఛాతీ నొక్కి బతికించినట్టు చూపినవి నూటికి 75. నిజం ఆసుపత్రుల్లో ఆ అంకె దరిదాపులకు కూడా పోదు. వీటి గురించి ఇంతటితో ఆపుతాను.

నిజం చూపిస్తే రక్తి కట్టదన్నది రచయితలు చెప్పే సాకు. నేను ఒప్పుకోను. రక్తపింజర కాటుకు ఆసుపత్రిలో చేసే మొదటి పరీక్ష ఏమిటో తెలుసా? శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకడితే ఒక కథ, నీళ్ళలా జారితే ఇంకో కథ. పెద్ద యంత్రం అక్కర్లేదు, మారుమూల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ జరుగుతుంది. గొట్టం ఒకవైపు, గోడ గడియారం ఒకవైపు, మంచం మీద అమ్మాయి: ఇంతకన్నా ఉత్కంఠ ఏ బ్లేడు ఇస్తుంది? కట్లపాము సంగతి ఇంకా చిత్రం. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళను కరిస్తే నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. దయ్యం పట్టిందనుకుంటారు. ఊపిరి అందకపోతే అంబులెన్సులో దారి పొడుగునా చేత్తో సంచి నొక్కుతూ గాలి ఊదాలి, ఆ చెయ్యి ఆగితే ఆ మనిషి ఆగిపోతాడు. ఇది సీరియల్‌కు పనికిరాని సరుకంటారా?

సాహసమే కావాలంటే మహాబలిపురం దారిలో, మనకు గంట దూరంలో, వడనెమ్మేలి ఉంది. ఒకప్పుడు తోళ్ళ కోసం పాములు పట్టిన ఇరుళ గిరిజనులు, ఆ వ్యాపారం చట్టరీత్యా ఆగిపోయాక, 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పాముల్ని పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలోంచి మందుల కంపెనీలు విరుగుడు తయారుచేస్తాయి. ఆ ఇరుళల్లో వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ జీవితం మీద ఒక ధారావాహిక తీయడానికి గ్రాఫిక్స్ ఖర్చు కూడా ఉండదు.

చూసేవాళ్ళు అనుకరిస్తారని తీసేవాళ్ళకు తెలియదా అంటే, తెలుసు. 1985లో అమెరికాలో మొదలైన ‘మెక్‌గైవర్’ సాహస ధారావాహికలో హీరో చేతికి దొరికిన వస్తువులతో పేలుళ్ళు చేసేవాడు. పిల్లలు ఇంట్లో ప్రయత్నించకూడదని దాన్ని తీసినవాళ్ళు కీలకమైన ఒక దినుసునో, మెట్టునో కావాలనే వదిలేసేవారు. వినోదం తగ్గలేదు, ఏడేళ్ళు నడిచింది.

మన దగ్గర ముందే సెన్సారు పెట్టమని నేను అడగడం లేదు. అది వేరే జబ్బు. తెర మీద సిగరెట్టు వెలిగితే అడుగున హెచ్చరిక రావాలన్న నియమం 2012 నుంచి ఉంది. పాము గ్రాఫిక్స్ అని చెప్పే స్క్రోలింగ్‌కు చోటు ఉంది. ‘కోయవద్దు, పీల్చవద్దు, కట్టవద్దు, 108కి ఫోన్ చేయండి’ అన్న మాటలకు అదే చోటు చాలు. ప్రథమ చికిత్స ఉన్న పేజీని చిత్రీకరణకు ముందు ఒక ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరుకు చూపిస్తే ఇంకా మంచిది.

మీ పత్రికకూ ఒక మనవి. మీ ఆదివారం అనుబంధంలో సీరియల్ నటీనటుల ముఖాముఖిలు వేస్తుంటారు. ఈసారి వాళ్ళకు ఇష్టమైన వంటకాలతోపాటు ఆ బ్లేడు సంగతి కూడా అడిగించండి. కేబుల్ టీవీ నియమాల ప్రకారం ఛానల్‌కు ఫిర్యాదు రాసి పంపాను. 15 రోజుల్లో వాళ్ళు నిర్ణయం చెప్పాలి. జవాబు వస్తే దాని నకలు మీకూ పంపుతాను.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర ఉపాధ్యాయురాలు,
పెరంబూరు, చెన్నై