రంగు ఆఖర్న వేద్దాం, ముందు ఛాసిస్, బ్రేకులు చూడు

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు బాగుచేస్తున్న నాన్న పాత మోటార్ సైకిల్ ఫోటోలన్నీ అందాయి. ఇంజన్ స్టార్టయిందని, ఇక ఛాసిస్‌ని, అంటే బండి ఫ్రేముని, పెయింటింగ్‌కి పంపేయడమే మిగిలిందని రాశావు చూడు, అక్కడే ఆగు, పంపొద్దు. ఒక ఫోటోలో హ్యాండిల్ తిరిగే గొట్టం (హెడ్ ట్యూబు) కింద, పెద్ద ట్యూబు వచ్చి కలిసే చోట సన్నటి గీత కనబడుతోంది, దాని అంచున తుప్పు రంగు కూడా ఉంది. పగిలింది పెయింటేనా, కింద ఇనుము కూడానా అన్నది ఫోటోలో తేలదు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను, ప్రింటు తీసి పని చేసేచోట పెట్టుకో.

ఇంజన్ మొరాయిస్తే నాన్న బండి తోసుకుంటూ ఇంటికొస్తారు. బ్రేకు పట్టకపోతే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు, పైగా వెనక అమ్మ కూర్చుంటుంది. అందుకే నాకింత టెన్షన్.

ఇక్కడ మా వర్క్‌షాపుకి కొత్త రంగుతో మెరిసిపోతూ వచ్చే పాత బండి మీదే మాకు ఎక్కువ అనుమానం. పౌడర్ కోటింగ్ మందంగా ఉంటుంది కదా, దాని కింద పగుళ్ళు, పుట్టీ పెట్టి నింపిన సొట్టలు, తుప్పు తినేసిన చోట్లు అన్నీ దాక్కుంటాయి. చిన్న అయస్కాంతం ట్యూబుల మీద జరుపుకుంటూ వెళ్ళు, ఎక్కడ పట్టు తగ్గితే అక్కడ పుట్టీ ఉన్నట్టు.

ఆ గీత దగ్గర రంగు తియ్యడానికి గ్రైండర్ పెట్టకు, సాండ్ బ్లాస్టింగ్ కూడా ఇప్పుడే వద్దు. రెండిటికీ పైపొర ఇనుము చదునై పగులు నోరు మూసుకుపోతుంది, ఆ తర్వాత ఏ పరీక్షకీ దొరకదు. పెయింట్ రిమూవర్ రాసి మెత్తగా తియ్యి. తర్వాత డై పెనెట్రెంట్ అని మూడు స్ప్రే డబ్బాల సెట్ దొరుకుతుంది. క్లీనర్‌తో జిడ్డు పూర్తిగా పోయేదాకా తుడిచి, ఎర్ర డై కొట్టి, డబ్బా మీద రాసినంతసేపు, మామూలుగా 10 నిమిషాలు, వదిలెయ్యి. పైన ఉన్న డైని క్లీనర్ తడిపిన గుడ్డతో తుడువు, పగులు మీద నేరుగా క్లీనర్ కొట్టావంటే లోపలికి దిగిన డై కూడా కడుక్కుపోతుంది. ఆ పైన తెల్ల డెవలపర్ పలచగా కొట్టు. ఇనుము పగిలి ఉంటే తెలుపు మీద ఎర్ర గీత దానంతటదే పైకి వస్తుంది. ఇదే పరీక్ష ఇంజన్ బోల్టులు పట్టే చెవుల దగ్గర, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ ఇరుసు చుట్టూ, షాకబ్జర్లు పైన తగిలే చోట, సైడ్ స్టాండ్ దగ్గర కూడా చెయ్యి, పాత బళ్ళు ఎక్కువగా విరిగేది అక్కడే.

పగులని తేలితే దొరికిన మొదటి వెల్డింగ్ షాపుకి మాత్రం తీసుకెళ్ళకు. నాన్న బండి లాంటి వాటిలో చాలా జాయింట్లు వెల్డింగ్ చేసినవి కావు. పోత పోసిన లగ్గుల్లోకి, అంటే జాయింటు తొడుగుల్లోకి, ట్యూబులు దూర్చి ఇత్తడి కరిగించి అతికిన బ్రేజింగ్ అది. దాని మీద ఆర్క్ వెల్డింగ్ చేస్తే కరిగిన ఇత్తడి ఇనుములోకి దిగి, ఆ పక్కనే కొత్త పగుళ్ళు వస్తాయి. అలాంటి జాయింట్‌ని బ్రేజింగ్ తెలిసినవాడే మళ్ళీ బ్రేజింగ్‌తోనే చెయ్యాలి. పగులు ట్యూబు మధ్యలో ఉంటే అది వేరే సంగతి, రెండు చివర్లా చిన్న రంధ్రం వేసి ముందుకి పాకకుండా ఆపి, పగులు పొడవునా గాడి తీసి వెల్డ్ చెయ్యొచ్చు. ఏం చేసినా ఛాసిస్ నంబరు ఉన్న చోట మాత్రం గ్రైండర్ తగలనివ్వకు.

ఛాసిస్ వంకర చూడడానికి పెద్ద మెషీన్లేం అక్కర్లేదు. హెడ్ ట్యూబు వెనక, కింది ట్యూబు మీద వేలితో తడుము, బండి ఎప్పుడైనా ఎదురుగా గుద్దుకుని ఉంటే అక్కడ చిన్న అల తగులుతుంది. తర్వాత వెనక టైరు చుట్టూ దారం కట్టి రెండు వైపులా ముందుకి లాగు. వెనక టైరుని దారం ముందూ వెనకా ఆనుకుని ఉండాలి, ముందు టైరు సన్నం కాబట్టి రెండు పక్కలా సమానంగా ఖాళీ రావాలి. రాకపోతే వెంటనే ఛాసిస్‌ని అనుమానించకు. చైన్ అడ్జస్టర్ గుర్తులు తప్పుగా ఉండొచ్చు, స్పోకులు బిగించినప్పుడు రిమ్ము పక్కకి జరిగి ఉండొచ్చు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు క్లాంపుల్లో మెలిపడి ఉండొచ్చు. కొన్ని మోడళ్ళకి కంపెనీయే చక్రాన్ని కొద్దిగా పక్కకి పెడుతుంది, మాన్యువల్ చూసుకో. ఇవన్నీ అయ్యాక కూడా తేడా ఉంటేనే ఛాసిస్. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పి చూడు, సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి గాడిలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, మార్చాలి. స్వింగ్ ఆర్మ్ పక్కలకి ఊగితే బుష్షులు మార్చాలి.

బ్రేకుల దగ్గరికొస్తే, ముందు మాస్కు. నాన్న డ్రమ్ము (చక్రం మధ్యలో బ్రేకు ఉండే గిన్నె) తెరిచి గాలి కొట్టి దుమ్ము దులిపేవారు, నువ్వు అస్సలు చెయ్యొద్దు. ఆ కాలం లైనింగుల్లో, అంటే డ్రమ్ముని లోపల్నుంచి నొక్కే బ్రేకు షూల మీద అతికించే పొరల్లో, ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉంటుంది. బ్రిటన్ 1999లో, యూరోపియన్ యూనియన్ మొత్తం 2005 నుంచి నిషేధించాయి గానీ, పాత బండి డ్రమ్ములో ఉన్న దుమ్ము అలాగే ఉంటుంది కదా. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో మూట కట్టి పారెయ్యి. లైనింగ్‌కి ఆయిల్ తగిలి ఉంటే పెట్రోలుతో కడగడం, కాల్చడం దండగ, కొత్తది వేయించు, ఆయిల్ ఎక్కడినుంచి వచ్చిందో కూడా పట్టుకో.

డ్రమ్ము గుండ్రం తప్పిందా లేదా అన్నది ముఖ్యం. బ్రేకు నొక్కితే లివరు చేతిలో కొట్టుకుంటోందంటే తప్పినట్టే. లేతు మీద పట్టించాలి, కానీ హబ్బు (చక్రం మధ్య భాగం) ఒక్కటే ఇవ్వకు, స్పోకులు బిగించి రిమ్ము సరిచేసిన చక్రం మొత్తం ఇవ్వు. స్పోకుల లాగుడికి డ్రమ్ము ఆకారం కొంచెం మారుతుంది, అందుకని ముందు పట్టించి తర్వాత స్పోకులు బిగిస్తే చేసిన పనంతా వృథా. పెరిగిన డ్రమ్ముకి సరిపోయేలా కాస్త మందం లైనింగ్ వేయించి, దాన్ని కూడా డ్రమ్ము కొలతకి తిప్పించు. డ్రమ్ము మీద పోతలో రాసిన హద్దు కొలత దాటితే మాత్రం ఇక పట్టించొద్దు.

షూలని విప్పి డ్రమ్ముకి నొక్కే క్యామ్‌కి గ్రీజు తడి తగిలినట్టు మాత్రమే రాయి, ఎక్కువైతే వేడికి కరిగి లైనింగ్ మీదకి వస్తుంది. బిగించేటప్పుడు ఇరుసు నట్టు వదులుగా ఉంచి, చక్రం తిప్పి, బ్రేకు గట్టిగా నొక్కి పట్టుకుని అప్పుడు నట్టు బిగించు, షూలు డ్రమ్ము మధ్యకి వాటంతటవే సర్దుకుంటాయి. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు క్యామ్ ఆర్ముకీ కేబుల్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలకి దగ్గరగా ఉండాలి, దాటిపోతే ఎంత నొక్కినా బలం పోతుంది. కేబుల్ చివరి గుండు (నిపిల్) దగ్గర ఒక్క పోగు తెగి ఉన్నా కేబుల్ మార్చెయ్యి. వెనక బ్రేకు ప్లేటుని పట్టి ఉంచే టార్క్ ఆర్ము బోల్టుకి స్ప్లిట్ పిన్ను వెయ్యడం మాత్రం మర్చిపోవద్దు, అది ఊడితే ప్లేటు చక్రంతో పాటే తిరిగి చక్రం పట్టేస్తుంది.

మొదట నువ్వే ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడుపు, నాన్నకి అప్పుడే ఇవ్వకు. కొత్త లైనింగ్ డ్రమ్ముకి పూర్తిగా ఆనేదాకా పట్టు తక్కువే ఉంటుంది. బ్రేకు వాడకుండా కొంత దూరం పోయి ఆగి హబ్బు దగ్గర చెయ్యి పెట్టు, వేడిగా ఉంటే షూలు రాసుకుంటున్నాయన్నమాట.

ఆ గీత మీద డై కొట్టాక ఫోటో పంపు, నాన్నకి కూడా చూపించు, ఆ బండి మీద ఆయన ఎప్పుడైనా పడ్డారేమో అడుగు. డ్రమ్ము లోపలి వ్యాసం, షూ వెడల్పు కొలిచి రాస్తే ఆస్బెస్టాస్ లేని లైనింగ్ ఇక్కణ్ణుంచి పంపిస్తాను.

అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు చెప్పు.

మీ అక్క