హంఫ్రీ ఒక్కడే దోషి కాదు

సంపాదకులకు నమస్కారం.

మంత్రులను అధికారులు ఆడించే తీరుకు ఉదాహరణగా బీబీసీ హాస్య ధారావాహిక ‘యెస్ మినిస్టర్’ను మనవాళ్లు తరచూ ప్రస్తావిస్తుంటారు. 1980లో మొదలై, తరువాత ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’గా 1988 వరకు సాగిన ఆ కథలో కార్యదర్శి సర్ హంఫ్రీ ఒక్కడినే దోషిగా చూడటం తొందరపాటు. ఐదు వందల మంది సిబ్బంది ఉండి ఒక్క రోగి కూడా లేని ఆసుపత్రిని ఆయన గంభీరంగా సమర్థించే ఘట్టం కడుపుబ్బ నవ్విస్తుంది, నిజమే. కానీ ఓట్ల కోసం, పత్రికల్లో పేరు కోసం తాను ప్రకటించిన సంస్కరణలను తానే అటకెక్కించే మంత్రి జిమ్ హాకర్‌నూ రచయితలు ఏమాత్రం ఉపేక్షించలేదు.

ప్రభుత్వాలు మారినా కార్యదర్శి కుర్చీ కదలని బ్రిటన్ సంప్రదాయంలోనే ఈ హాస్యానికి మూలం ఉంది. 2001లో ఫారూఖ్ షేక్ మంత్రిగా నటించిన హిందీ రూపం ‘జీ మంత్రీజీ’లో నాకు వెలితిగా తోచింది ఇదే. రాత్రికి రాత్రి బదిలీ ఉత్తర్వులు వెలువడే మన దేశంలో ఏ కార్యదర్శి అయినా అంత నిశ్చింతగా మంత్రికి అడ్డుపడగలడా? ఆ బదిలీ భయాన్నే కథావస్తువుగా తీసుకుని తెలుగులో ఎవరైనా ఇలాంటి ధారావాహిక రాస్తే చూడాలని ఉంది.

– ఒక పాఠకుడు, విజయవాడ