పాత సైకిలుకు కొత్త సీటు

సంపాదకులకు నమస్కారం.

మా నాన్నగారు వాడిన సైకిలుకు తోలు సీటు నడుమ చినిగిపోవడంతో, ఇటీవల కడపలో ఒక దుకాణంలో కొత్తది వేయించాను. పాత సీటు అడుగున పక్కకు రెండేసి చొప్పున నాలుగు కమ్మీలుండగా, కొత్తదానికి ఉన్నవి రెండే. అయినా మెకానిక్కు, సీటును రాడ్డుకు పట్టి ఉంచే పాత క్లాంపునే అమర్చి, సందు పూడ్చడానికి డబ్బా రేకు ముక్క చుట్టి, నట్టు బిగించి పంపాడు. మరునాడు వీధి మలుపు తిరగకముందే సీటు ముక్కు పైకి లేచింది. విప్పి చూస్తే క్లాంపు పళ్లు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. పళ్లలో పళ్లు కూర్చోనిదే స్పానర్‌తో ఎంత బిగించినా అది నిలవదు.

ఇలాంటి పాత సైకిళ్లలో సీటు రాడ్డు పైకొస సాధారణంగా 22.2 మిల్లీమీటర్లు, అంటే 7/8 అంగుళం ఉంటుంది. ఆ కొలతకు సరిపడే రెండు కమ్మీల క్లాంపును సీటుతోపాటే అడిగి తీసుకోవాలి. రాడ్డు కూడా ఫ్రేములోకి కనీసం రెండున్నర అంగుళాలు దిగి ఉండాలి (నాలాంటి పొడుగువాళ్లు ఈ మాట మరిచి పైకి లాగేస్తుంటారు). పాత క్లాంపులన్నిటినీ తూకానికి వేసేయకుండా, మన దుకాణదారులు బాగున్నవాటినైనా ఒక డబ్బాలో దాచి ఉంచాలని మనవి.

— ఒక పాఠకుడు, కడప