ట్రైనింగ్ ఇచ్చే ముందు ఓసారి మా బడికి రా

ఒరేయ్ శీనూ,

టీచర్లను తయారుచేసే డైట్ కాలేజీలో చేరావని నీ ఉత్తరంలో చదివి ఎంత సంతోషమేసిందో! మన టీటీసీ (టీచర్ ట్రైనింగ్) బ్యాచ్‌లో పాఠం చెప్పడమంటే ప్రాణం పెట్టేవాడివి నువ్వే. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో మాత్రం రాయలేదు, ఈసారి మర్చిపోకు.

టీచర్ల ట్రైనింగ్ మాడ్యూల్లో పరిశోధనల గురించి ఒక భాగం రాయమన్నారని, ఏం పెడితే బాగుంటుందని అడిగావు కదా. ఆ మాట అడిగినందుకే నీకు ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నా.

ముందు మన దగ్గర జరిగిందే చెప్తా. 2005లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని సర్కారు ప్రాథమిక బడుల్లో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ కూడా అందులో ఉంది. ఒక 100 బడుల్లో ఏం చేశారంటే, ఏడాది మొదట్లో పిల్లలకు తెలుగు, లెక్కల పరీక్ష పెట్టి, ఎవరికి ఏది వచ్చు, ఏది రాదు అని వివరంగా రిపోర్టు రాసి టీచర్ల చేతికిచ్చారు. మధ్యమధ్యలో వచ్చి తరగతులు చూసి వెళ్లారు. చూస్తున్నప్పుడు టీచర్లు బాగానే కష్టపడ్డారట. ఏడాది చివర పరీక్ష పెడితే మాత్రం ఆ రిపోర్టులు అందని బడుల పిల్లలకూ వీళ్లకూ తేడా లేదు!

నాకు ఇది చదివి ఆశ్చర్యం వేయలేదురా. మా నాలుగో తరగతిలో ఒక పాప ఉంది. పాఠం చదవమంటే గడగడా చదివేస్తుంది. పక్కన కూర్చుని చూస్తే నోరు మూడో వాక్యంలో ఉంటుంది, వేలు మొదటి వాక్యం దగ్గరే ఉంటుంది. పాఠమంతా విని బట్టీ పట్టింది. అందులోంచే 'చెట్టు' అన్న మాట తీసి బోర్డు మీద రాస్తే 'చెటు' అంటుంది, కింద ఒత్తు ఉన్న సంగతే దానికి కనబడదు. ఈ పిల్లకు ఒత్తులు రావని చెప్పడానికి నాకు రిపోర్టు అక్కర్లేదు, అది నాకు జూన్‌లోనే తెలుసు. నాకు కావాల్సింది దాన్నీ దానిలాంటి వాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టుకునే టైమ్. ఆ టైమ్‌లో సిలబస్ ఎంతవరకు వచ్చిందని ఎవరూ అడగకూడదు.

సరిగ్గా ఇదే హర్యానాలో తేలింది. 2012-13లో అక్కడి ప్రభుత్వ బడుల్లో రెండు పద్ధతులు పక్కపక్కనే పరీక్షించారు. ఒకటి సీసీఈ, అదే, మనం రాత్రుళ్లు కూర్చుని రిజిస్టర్లు నింపిన నిరంతర సమగ్ర మూల్యాంకనం. రెండోది పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల పద్ధతి. ఏ తరగతి అని చూడకుండా, అక్షరాల దగ్గరున్న వాళ్లను ఒక గుంపుగా, పదాలు చదివేవాళ్లను ఇంకో గుంపుగా, పేరా, కథ చదవగలిగేవాళ్లను వేరేగా కూర్చోబెట్టి, రోజూ ఒక గంట అదే పని చేయించారు. సీసీఈ వల్ల పిల్లల చదువులో మార్పేమీ కనబడలేదు. గంట కేటాయించిన బడుల్లో హిందీ చదవడం మెరుగుపడింది.

ఆ గంట ఒక్కటే చాలిందని నేననుకోను. హర్యానాలో టీచర్లకు అండగా తిరిగిన మెంటర్లు ముందు తామే రెండు, మూడు వారాలు బడుల్లో పిల్లలకు ఆ పద్ధతిలో పాఠం చెప్పి చూశారు. ఆ తర్వాతే టీచర్లకు చెప్పారు. ఇదొక్కటి నీ మాడ్యూల్ మొదటి పేజీలో రాయి శీనూ, దయచేసి. బిహార్‌లో ప్రథమ్ వాళ్ల పుస్తకాలూ సామగ్రీ మాత్రం ఇచ్చి వదిలేసినచోట ఫలితం రాలేదు. అక్కడి ప్రభుత్వ టీచర్లే వేసవి సెలవుల్లో ఇదే పద్ధతిలో శిబిరాలు నడిపితే పిల్లలు ముందుకొచ్చారు. అంటే టీచర్లకు చేతకాక కాదు. మామూలు రోజుల్లో మన నెత్తిన ఉన్న సిలబస్, పరీక్షలు, డేటా ఎంట్రీ ఆ పనికి చోటివ్వవు, అంతే.

మన తెలంగాణలో 2022లో తొలిమెట్టు కార్యక్రమం వచ్చినప్పుడు నాకు నిజంగా సంబరమైంది. ఒకటి నుంచి ఐదు దాకా చదవడం, రాయడం, లెక్కల పునాది మీదే దృష్టి పెట్టాలని ప్రభుత్వమే అన్నదంటే చిన్న విషయం కాదు. ఇప్పటికీ దాని ఉద్దేశం సరైనదే అంటాను. కానీ బడికొచ్చే వాళ్లు ముందు రిజిస్టర్ అడుగుతారు. పిల్లాడిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని "ఇది చదువు నాన్నా" అనేవాళ్లు అరుదు. అలా ఒక్కరు అడిగినా ఆ బడిలో పని తీరు మారుతుంది, నేను చూశాను.

అందుకే నిన్నొకటి అడుగుతున్నా. మాడ్యూల్ రాయడం మొదలుపెట్టేముందు మా బడికి రా, ఓ పది రోజులుండు. మూడు, నాలుగు, ఐదు తరగతులను కలిపి గుంపులు చేసి నువ్వే పాఠం చెప్పు, నేను పక్కనుంటా. హెచ్ఎం మేడమ్‌తో మాట్లాడాను, పొద్దున మొదటి పీరియడ్ ఇస్తానంది. టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చే మీ రిసోర్స్ పర్సన్లలో ఇద్దరిని వెంట తెస్తే ఇంకా మంచిది. పడక, భోజనం మా ఇంట్లోనే, మీ వదిన అప్పుడే సజ్జరొట్టెల లెక్క వేస్తోంది. దసరా సెలవులకు ముందైతే పిల్లలందరూ ఉంటారు, ఆ తర్వాత పత్తి ఏరడానికి కొందరు బడి మానేస్తారు. ఏ వారం వస్తావో త్వరగా రాయి.

నీ
రమేశ్