ముందు నీళ్ళు తోడేదెవరో తేల్చండి

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం ముంబై బుల్లెట్ రైలు స్టేషన్ మీద మీరు వేసిన వ్యాసం నేను బుధవారం చదివాను. ఆదివారం పేపరు కుర్రాడు మా వీధికి రాలేదు. మధ్యలో రైలుకట్ట కింద అండర్‌బ్రిడ్జి ఉంది, శనివారం రాత్రి వాన పడింది. నెల్లూరు వాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

వ్యాసం బాగుంది, కాదనను. బాంద్రా-కుర్లా కాంప్లెక్స్ (బీకేసీ)లో 32 మీటర్ల లోతున, అంటే పదంతస్తుల మేడ దిగేసినంత కింద, ఆరు ప్లాట్‌ఫారాలు. అహ్మదాబాద్ దాకా 508 కిలోమీటర్లలో 12 స్టేషన్లుంటే భూమిలోపల ఉండేది ఇదొక్కటే. అక్కణ్ణించి 21 కిలోమీటర్ల సొరంగం, అందులో 7 కిలోమీటర్లు థానే క్రీక్ కింద. ఇవన్నీ రాసి, చివర్లో ‘మన తెలుగు నగరాలకు ఇలాంటి స్టేషన్ ఎప్పుడు?’ అని అడిగారు. అక్కడే నాకు మండింది.

నేను ముప్పై ఏళ్ళుగా మోటార్లకు వైండింగ్ చేస్తున్నవాణ్ణి. ఎక్కడ గొయ్యి చూసినా నీళ్ళెటు పోతాయా అనే చూస్తాను. మీ విలేకరి గొయ్యి ఫొటో అరపేజీ వేసి ఆ సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు. బీకేసీ అంటే మిఠీ నది పక్కన బురదనేల పూడ్చిన చోటు. 2005 జూలై 26న ముంబైలో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు ఆ నది ఏం చేసిందో దేశమంతా చూసింది. అలాంటి చోట గొయ్యి చుట్టూ ముందే 3 వేలకు పైగా కాంక్రీటు స్తంభాలు, ఒకటి ఇంకోదాన్ని కోసుకుంటూ, సందు లేకుండా దింపారు. సీకెంట్ పైల్స్ అంటారు వాటిని. ముందు గోడ, తర్వాతే తవ్వకం. అప్పటికీ కాస్తో కూస్తో ఊరుతుంది, దాన్ని తోడుతూనే ఉండాలి.

అలాగని ముంబై వాళ్ళందరూ మొనగాళ్ళేం కాదు. 2025 మే 26న అక్కడి భూగర్భ మెట్రోలో ఆచార్య అత్రే చౌక్ స్టేషన్‌లోకి వాననీళ్ళు దూకాయి. తెరిచి మూడు వారాలు కాలేదు. ఇంకా పని జరుగుతున్న ఒక ద్వారం దగ్గర నీళ్ళకు అడ్డంగా కట్టిన గోడ కూలింది, అంతే. అంత లోతు తవ్వినవాళ్ళు గుమ్మం దగ్గర దెబ్బతిన్నారు.

మాకు ఆ లోతూ లేదు, ఆ గుమ్మమూ లేదు. మా అండర్‌బ్రిడ్జి మనిషి నిలువున్నర లోతు. పక్కన గదిలో 10 హెచ్‌పీ మోటారు ఒక్కటే. అది ఆగితే నడపడానికి రెండోది లేదు. నీళ్ళు చేరే గుంట, అదే సంపు, నిండా ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి బొండాలు. వాన మొదలవగానే కరెంటు తీసేస్తారు, జనరేటర్ లేదు. అన్నిటికంటే గొప్ప, స్టార్టర్ పెట్టె నేలకి రెండడుగుల ఎత్తున బిగించారు. నీళ్ళు తోడాల్సిన మోటారు స్టార్టరే ముందు నీళ్ళలో మునుగుతుంది! ఏ ఇంజనీరు గీశాడో గానీ ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి చూడాలని ఉంది.

మొన్న స్కూలు ఆటో ఒకటి అందులో దిగి ఆగిపోయింది. ‘అబయా, ఇది బ్రిడ్జి కాదు, చెరువు. చేపలు వదిలితే పాటకైనా వస్తుంది’ అన్నాడు డ్రైవరు. పిల్లలు బ్యాగులు నెత్తిన పెట్టుకుని పైనెక్కి పట్టాలు దాటారు. రైల్వే గేటు ఉన్న రోజుల్లో పావుగంట నిలబడేవాళ్ళం. ఇప్పుడు రెండ్రోజులు. పట్టాలు దాటే బాధ తప్పించడానికే కదా ఇది కట్టింది?

అడిగితే రైలుకట్ట కింద ఉంది గనక మాది కాదని ఒక ఆఫీసు, రోడ్డు ఊరివాళ్ళది గనక మాది కాదని ఇంకో ఆఫీసు. మోటారు కాలినప్పుడు మాత్రం ఇద్దరికీ నా షాపు గుర్తొస్తుంది. పోయిన నవంబరులో రాగి తీగ నా డబ్బుతో కొని చుట్టిచ్చాను. బిల్లు సంగతి ఈ లేఖలో ఎత్తకూడదనుకున్నాను. ఎత్తాను.

ఇక మా జిల్లా మెట్ట ప్రాంతం సంగతి. అటుగా వెళ్ళే నడికుడి-శ్రీకాళహస్తి రైలు లైను 309 కిలోమీటర్లు, 2011-12 బడ్జెట్‌లో మంజూరైంది. మా అత్తగారి ఊరు ఆ లైను మీదుండే వింజమూరు. ఆవిడ ‘రైలెప్పుడొస్తుంది అల్లుడూ’ అని అడిగీ అడిగీ మానేసింది. బుల్లెట్ రైలుకి శంకుస్థాపన 2017 సెప్టెంబరులో, అంటే మాకంటే ఆరేళ్ళు వెనక. దానికి జపాన్ వాళ్ళు ఏడాదికి నూటికి పది పైసల వడ్డీతో, 50 ఏళ్ళ గడువుతో అప్పిచ్చారు. మా లైను మీదున్న ఆత్మకూరు, రాపూరు పేర్లు వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఉన్న లైనైనా భద్రమా అంటే, 2021 నవంబరు వరదకి నెల్లూరు పక్కనే పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడటం మన కళ్ళతో చూశాం.

కాబట్టి భూగర్భ స్టేషన్ మనకి వద్దని నేననను. రానివ్వండి. ఈలోపు మీ విలేకరిని ఒకసారి మా అండర్‌బ్రిడ్జి దగ్గరికి పంపి ఆ స్టార్టర్ పెట్టె ఫొటో వేయండి, అరపేజీ అక్కర్లేదు. దాన్ని ఇంకో నాలుగడుగులు పైకి బిగించాలి, రెండో మోటారు, చిన్న జనరేటర్ పెట్టాలి. నెలకోసారి సంపు తీసే మనిషి ఉండాలి. వైండింగ్ ఎప్పుడైనా నేను చేసిపెడతాను, పాత బిల్లు ఇచ్చాక.

- ఒక మోటారు వైండింగ్ మెకానిక్, నెల్లూరు