మా కోడిపిల్లల్ని బతికించిన వీధికి

జల్లులు మొదలైన రోజుల్లో పాతిక గ్రామప్రియ పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చాను. ఇవాళ్టికి తొమ్మిది వారాలు. ఇరవై రెండు పెరట్లో తిరుగుతున్నాయి. అందులో నా ఘనత చాలా తక్కువ. ఎవరి చలవో నలుగురికీ తెలియాలని ఈ నాలుగు ముక్కలు.

మాది తణుకు పక్క ఊరు. ఏ వైపు వెళ్లినా కోళ్లఫారాలే. అలాంటి చోట ఉండి పాతిక పిల్లలకి ఇంత హడావిడా అని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. కోడి అంటే ఇన్నాళ్లూ మాకు కూరే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరట్లో పెంచుకోవడానికని తయారుచేసిన రకమే ఈ గ్రామప్రియ అనీ, గుడ్లు బాగా పెడుతుందనీ తెలుసుకున్నాను. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలని కూడా చదివాను. చదివి, పెట్టె మీద బల్బు వేలాడదీశాను. ఎల్‌ఈడీ బల్బు!

రాత్రి పదయ్యేసరికి పిల్లలన్నీ ఒక మూలకి చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒకటే అరుపు. ఆకలేమోనని నూకలు చల్లాను. ఒక్కటీ ముట్టలేదు. ఆ అరుపు విని గోడవతల పెద్దమ్మ లేచి వచ్చారు. పెట్టెలో చెయ్యి పెట్టి చూసి, "ఇదేం బల్బే అమ్మాయ్, వెలుగేగానీ వెచ్చదనం ఏదీ?" అన్నారు. అప్పటికే అడుగున పడి రెండు పోయాయి. సీసాల్లో వేడినీళ్లు పోయించి, పాత లంగా గుడ్డలు చుట్టి మధ్యలో పెట్టించారు. చల్లారినప్పుడల్లా నీళ్లు మారుస్తూ తెల్లవారుజామున మూడింటిదాకా నాతోనే కూర్చున్నారు. ఆవిడకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. నేను వెళ్లి పడుకోమంటే విన్నట్టే లేదు.

పొద్దున్నే పాతకాలం 60 వాట్ల బల్బు కోసం బయల్దేరాను. మూడు షాపుల్లో లేదన్నారు. సెంటర్లోని కరెంటు షాపు బాబాయి మాత్రం అటక ఎక్కి రెండు బల్బులు తీశారు. దుమ్ము తుడిచి, వెలిగించి చూసి ఇచ్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆ తర్వాత థర్మామీటర్ సంగతే మర్చిపోయాను. పెద్దమ్మ లెక్క ఒకటే. పిల్లలు బల్బు కింద గుంపు కడితే చలి. దూరంగా పోయి నోళ్లు తెరిస్తే ఉక్క. పెట్టె నిండా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు. వారానికోసారి బల్బును జానెడు పైకి కట్టేవాళ్లం. పేపరు మీద కాళ్లు జారిపోతున్నాయని, దాన్ని తీయించి ఊక పోసి పైన గోనె పరిపించింది కూడా ఆవిడే. నాలుగో రోజు ఒక పిల్లకి రెట్ట ఎండి వెనకాల గట్టిగా అంటుకుపోయింది. పీకబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు. "లాగకు, తోలు ఊడొస్తుంది." గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి, నానబెట్టి, కొంచెం కొంచెంగా వదిలించి, తడి ఆరేదాకా కొంగులో పెట్టుకు కూర్చున్నారు. ఆ పిల్ల దక్కింది. అదే వారం ఇంకొకటి పోయింది, ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

టీకాలది ఇంకో కథ. అమ్మినతను అన్నీ వేసేశామన్నాడు. తీరా చూస్తే మొదటిరోజు వేసేది ఒక్కటే అయింది. కొక్కెర తెగులుకి వారం రోజుల పిల్లలకి కంట్లో వేసే చుక్క లసోటా. దొరికిన సీసా వంద కోళ్లకి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. నావి ఇరవై రెండే కదా, మిగిలింది పారబోయడమేనా అని నేను చూస్తుంటే, పెద్దమ్మ వీధంతా ఒక కేక వేశారు. అరగంటలో ఏడిళ్ల నుంచి గంపలొచ్చాయి. పశువుల ఆసుపత్రిలో పనిచేసే తమ్ముడు థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసి మందు తెచ్చాడు. పిల్లని అరచేతిలో పక్కకి వాల్చి, కంట్లో ఒక్క చుక్క వేసి, అది రెప్ప వేసేదాకా ఆగి వదిలేవాడు. తొందరపడితే చుక్క కిందకి జారిపోతుందట. అన్నీ కలిపి ఎనభైకి పైనే వేసి, ఎవరి దగ్గరా టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. గంబోరో అనే ఇంకో తెగులు టీకాకి, ఇరవై ఎనిమిదో రోజు లసోటాకి, మొన్న ఎనిమిదో వారం రెక్క కింద సూదికి కూడా గుర్తుపెట్టుకుని తనే వచ్చాడు.

బాదంపప్పు పెట్టమని సలహా ఇచ్చిన ఎదురింటి అన్నయ్యకీ థాంక్స్. ఆయన ఆలోచన సంక్రాంతి పుంజుల మీద ఉంది, మాకు కావాల్సింది గుడ్లు.

గుడ్లకి ఇంకా మూడు నాలుగు నెలలుంది. బాబాయ్, మీ రెండో బల్బు ఇంకా విప్పకుండా దాచాను, ఎవరికైనా పిల్లలొస్తే చెప్పండి. పెద్దమ్మా, మీ తోటకూర మడి తవ్వేసింది పందికొక్కులు కాదు. ఆదివారం వచ్చి మళ్లీ నేనే విత్తనాలు చల్లుతాను.